మంచు మేడంగారు

ఈ వేసవిలో మా పెద్దాడపడుచు వాళ్లు పిల్లల్ని తీసుకుని హిమాలయాల వైపు వెళ్లారు. అక్కడి నుంచి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పెట్టారు. అద్దెకు తెచ్చుకున్న రంగురంగుల కోట్లు వేసుకుని అందరూ మంచు ఉండలు చేసి ఒకరి మీద ఒకరు విసురుకుంటున్నారు. దాని కింద వరసగా సూపర్, కేక, మమ్మల్ని తీసుకెళ్లలేదేం అని మెసేజీలు. నేను వాళ్ల మొహాలు చూడలేదు. వాళ్ల వెనక ఉన్న తెల్లటి వాలు చూస్తూ ఉండిపోయాను. ఆ వాలు నడుం దగ్గర అడ్డంగా సన్నటి గీత ఒకటి ఉంది, దుప్పటికి చిరుగు పడ్డట్టు. ఎండ బాగా కాస్తోంది. మనుషుల నీడలు కాళ్ల దగ్గరే ఉన్నాయి, అంటే మిట్టమధ్యాహ్నం.

"వదినగారూ, ఆ వాలు కింద నించోకండి, ఇవతలికి వచ్చేయండి" అని పెట్టాను.

వాళ్ల పెద్దమ్మాయి వెంటనే జవాబిచ్చింది. "అత్తా, ముమ్మిడివరంలో కూచుని నీకెలా తెలుసు?" పక్కన నవ్వే బొమ్మలు నాలుగు.

ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేమీ లేదు. నేను పుట్టి బుద్ధెరిగాక మంచు పడగా చూసిన మనిషిని కాదు. మాకు ధనుర్మాసంలో పొద్దున్నే కొబ్బరితోటల్లో పొగలా పట్టేదాన్నే మంచు అంటాం. మంచు అంటే ఇంకేదో ఉందని నాకు చెప్పిన మనిషి పోయిన వర్షాకాలంలో చనిపోయారు.

మా ఐసు ఫ్యాక్టరీ ముమ్మిడివరం దాటాక, రొయ్యల చెరువుల మధ్య ఉంటుంది. మా బావగారిది. మా వారు మస్కట్ వెళ్లిన దగ్గరనుంచి పగటిపూట ఆఫీసు గదిలో నేనే కూర్చుంటున్నాను. చెరువుల్లో రొయ్యలు పట్టే రోజుల్లో ఊపిరాడదు. మిగతా రోజుల్లో కంప్రెసర్ మోత వింటూ కూర్చోవడమే పని.

అలాంటి ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఒకావిడ గేటు దాటి లోపలికి వచ్చారు. డెబ్బై దగ్గర్లో ఉంటారు. పొట్టి మనిషి. నేత చీర, కాళ్లకు కాన్వాసు బూట్లు. మొహమంతా కమిలినట్టు నల్లగా ఉండి, కళ్ల చుట్టూ మాత్రం కళ్లజోడు పెట్టి తీసినట్టు రెండు లేత వలయాలు. ఏ ఆఫీసు నుంచో తనిఖీకి వచ్చారేమోనని లేచి నిలబడ్డాను.

"నేను బస్సులో వెళ్తున్నానండి. మీ తలుపు తీసుంది. లోపల పైపు మీద మంచు కనపడింది. దిగిపోయేను. ఒకసారి చూడనిస్తారా అండి?" అన్నారు.

"ఐసు కావాలా అండి?"

"ఐసు కాదండి. మంచు. మీ పైపు మీద పట్టింది."

మా ఆపరేటరు సత్తిబాబు మూతి బిగించాడు. "అమోనియా పైపండి అది. బయటోళ్లని రానివ్వం అండి" అన్నాడు. ఆవిడ తల ఊపి, "ఆయ్, మంచి పద్ధతండి. నేను ముట్టుకోను. మీరు పక్కనే ఉండండి" అన్నారు. ఆ మర్యాదకు అతను కరిగిపోయాడు.

కంప్రెసరులోకి వచ్చే పైపు మీద ఎప్పుడూ తెల్లగా ఓ మందం పేరుకుని ఉంటుంది. మా కుర్రాళ్లు దాన్ని గీకి మెడల మీద రాసుకుంటారు. ఆవిడ చేతిసంచీలోంచి నల్లటి అట్టముక్క ఒకటి, తాడుకు కట్టిన చిన్న భూతద్దం ఒకటి తీశారు. అట్ట అంచుతో కొంచెం గీరి, ఊపిరి బిగబట్టి, భూతద్దం కంటికి ఆనించి వంగారు. చాలాసేపు కదల్లేదు. సత్తిబాబు నా వంక చూసి, వేలు కణత దగ్గర పెట్టి తిప్పాడు.

ఆవిడ తలెత్తాక ఆ కళ్లు చూసి నేను కొంచెం తెల్లబోయాను. దూరదేశంలో ఉన్న బిడ్డ గొంతు ఫోనులో విన్న తల్లి మొహంలా ఉంది.

"చూస్తారా అండి? దగ్గరికెళ్లేక ఊపిరి వదలకండి. కరిగిపోద్ది."

చూశాను. ఈకలు. గాజుతో చేసినట్టు, చిన్న చిన్న ఈకలు. ఒక్కో ఈకకు మళ్లీ పిల్ల ఈకలు. రోజూ ఆ పైపు పక్కనుంచి నడుస్తాను నేను.

"నీళ్లు గడ్డకడితే ఐసండి. మీ డబ్బాల్లో జరిగేది అదే. ఇది నీళ్లు కాలేదు. గాల్లో ఉన్న ఆవిరి, మధ్యలో నీళ్లవకుండా నేరుగా గడ్డకట్టేసింది. మంచు పుట్టేది అలాగే. ఇక్కడ మీకు తెలీకుండా మీ పైపే చిన్న హిమాలయం అయి కూచుంది" అన్నారు ఆవిడ.

ఆ తర్వాత వారానికోసారి రావడం మొదలుపెట్టారు. బండారులంక నుంచి అమలాపురం, అక్కడ బస్సు మారి మా దగ్గరికి. మొదట్లో ఆఫీసు గుమ్మం దగ్గర ఆగి, "రావచ్చా అండి?" అని అడిగేవారు. నెల తిరిగేసరికి నన్ను "అమ్మాయ్" అని పిలవడమూ, నేను టీ పెట్టమని సత్తిబాబుకు కేకేయడమూ అలవాటైపోయాయి. అతను ఆవిడకు మంచు మేడంగారని పేరు పెట్టాడు. ఆ పేరు ఆవిడకు నచ్చింది.

ఆవిడ ఏ సంవత్సరంలో ఏం చదివారో, ఏ హోదాలో రిటైరయ్యారో నాకు తెలియదు. నేత కుటుంబంలో పుట్టి, అమలాపురంలో చదువుకుని, ఉద్యోగమంతా మంచుకొండల్లో చేశారని మాత్రం మాటల మధ్య తెలిసింది. ఆ పని ఏమిటో నాకు అర్థమైంది ఆవిడ చేతుల వల్ల.

ఎక్కడ మెత్తటి కుప్ప కనపడినా ఆవిడ ఆగిపోయేవారు. ఇసుక కుప్ప కావచ్చు, కొబ్బరిపొట్టు కావచ్చు, వానకు తడిసిన కాలవగట్టు కావచ్చు. ముందు పిడికిలితో నెమ్మదిగా నొక్కేవారు. దిగకపోతే నాలుగు వేళ్లు కలిపి నొక్కేవారు. అదీ దిగకపోతే ఒక్క వేలు. ఆ తర్వాత సంచీలోంచి పెన్సిలు. చివరికి చాకు. ఒకసారి అమలాపురం బస్టాండు పక్కన ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించిన ఇసుక ముందు కూర్చుని ఇదంతా చేస్తుంటే, జనం మూగారు. ఏదో పోగొట్టుకున్నారనుకుని ఒకాయన వెతకడానికి సాయం కూడా వచ్చాడట. "ఏం పోయిందండీ?" అని ఆయన అడిగితే, "దొరికిందండి" అని లేచి వచ్చేశానని చెప్పి నవ్వారు.

"అలా నొక్కితే ఏం తెలుస్తుందండీ?" అని అడిగాను.

ఆ వారం మా తోడికోడలు ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెచ్చింది. ఒకటి ఆవిడ పళ్లెంలో పెట్టాను. ఆవిడ తినలేదు. పెన్సిలు చెక్కుకునే చాకుతో దాన్ని అడ్డంగా కోసి, కోసిన వైపు నాకేసి తిప్పారు.

"కొండ మీద గొయ్యి తవ్వి, గోడ ఇలా నున్నగా చెక్కుతాం అమ్మాయ్. చూడు, ఎన్ని పొరలున్నాయో. ఒక్కో పొరా ఒక్కో రోజు పడిన మంచు. ఎండ కాసిన రోజు ఒకలా, గాలి వీచిన రోజు ఒకలా ఉంటుంది. ఒక్కో పొరనీ నొక్కి చూస్తాం. ఎంత చల్లగా ఉందో పైనుంచి కిందిదాకా కొలుస్తాం. గింజలు తీసి అద్దంలో చూస్తాం. చలికాలం అంతా ఏం జరిగిందో ఆ గోడలో ఉంటుంది. ఇప్పుడిది చూడు." చాకు మొనతో రెండు రేకుల మధ్యనున్న పంచదార చూపించారు. "రేకులు రెండూ గట్టివే. మధ్యలో ఈ పలుకులు ఉన్నాయే, వీటికి ఒకదాంతో ఒకటికి సంబంధం లేదు." పై రేకును వేలితో తోశారు. అది పంచదార మీద జర్రున జారి పళ్లెంలోకి వచ్చింది. "అంతే. కొండంత మంచు జారడానికి ఇంత పొర చాలు."

"ఆ పలుకులు ఎక్కణ్ణుంచి వస్తాయండీ, అక్కడ పడేదంతా ఒకటే మంచు కదా?"

ఆ ప్రశ్న ఆవిడకు ఎంత నచ్చిందో! కుర్చీ ముందుకు లాక్కున్నారు. "పడినప్పుడు ఒకటేనమ్మా. నక్షత్రాల్లాంటి రేకులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. అయితే అడుగున నేల వెచ్చగా ఉంటుంది, పైన గాలి మహా చల్లగా ఉంటుంది. రెంటికీ మధ్య మంచు లోపలే ఆవిరి పైకి పాకుతుంది. పాకుతూ పాకుతూ ఆ రేకుల్ని మార్చేస్తుంది. కొన్నాళ్లకి పట్టుకున్న చేతులు వదిలేసి, ఎవరికి వారు గిన్నెల్లా, పలుకుల్లా అయిపోతారు. పైనుంచి చూస్తే ఏమీ తెలీదు. తెల్లగా, అందంగా ఉంటుంది."

రేకులు అనడం మానేసి 'ఎవరికి వారు' అన్నారని ఆ రోజు గమనించాను.

ఆవిడ బండారులంకలో తమ్ముడి కొడుకు ఇంటి పై వాటాలో ఉండేవారు. కింద చీరల షాపు. ఒకసారి వెళ్లాను. మర్యాదకు లోటు లేదు. వేళకు భోజనం పైకి వచ్చేది, పెళ్లిళ్లకు చీర పెట్టేవారు. కానీ ఎవరు పలకరించినా రెండే ప్రశ్నలు. కేదారం వెళ్లేరా అండి అని ఒకటి. పెళ్లెందుకు చేసుకోలేదండి అని రెండోది. ఒకసారి బడిపిల్లలకు మంచు గురించి చెప్పమని పిలిచారట. చెప్పడం అయ్యాక ఒక పిల్ల లేచి, "ఐస్‌క్రీమ్ లాగ ఉంటుందా అండి?" అని అడిగిందట. "అదే మంచి ప్రశ్న. అది కూడా మంచే. గింజలెంత చిన్నవైతే అంత కమ్మగా ఉంటుందని చెప్పేను. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం ఎక్కువ తిన్నాను" అన్నారు.

చలికాలంలో ఒక రోజు మా ఆఫీసులో ఉండగా ఆవిడకు ఫోను వచ్చింది. నంబరు చూడగానే లేచి నిలబడ్డారు. హిందీలో మాట్లాడుతూ, అవతలి మనిషి చెప్పేది వింటూ, ఎడమచేత్తో గాల్లో ఏదో నొక్కుతున్నారు. పిడికిలి, నాలుగు వేళ్లు, ఒక వేలు. పెట్టేశాక కళ్లు మూసుకునే నాకు చెప్పారు. "తొలిమంచు పడిందంట అమ్మాయ్. జానెడు. పొడి మంచు, గాలి లేదంట. గింజ ఆరు రెక్కలూ విరక్కుండా ఉందంట."

ఆ ఫోను చేసినాయన ఆవిడ దగ్గర పనిచేసిన పరిశీలకుడు. ఆ కొండల మనిషే. ఇద్దరూ కలిసి ఎన్నో చలికాలాలు గోతులు తవ్వారు. రిటైరయ్యాక కూడా ఆయన ఇంటి వెనక గుర్తులు పెట్టిన కర్ర పాతుకుని, ఏటా తొలిమంచు పడిన రోజు ఈవిడకు ఫోను చేసేవారు. కుశల ప్రశ్నలు ఉండవు. మంచు గురించి చెప్పి పెట్టేస్తారు.

ఆయన ఎందుకంత ముఖ్యమో నాకు తెలిసింది ఆవిడ కంటిచూపు తగ్గాక. నడిమి చూపు పోయి, అంచుల్లో మాత్రమే కనపడేది. వయసు వల్లనని డాక్టరు అన్నారు. మంచు మీద ఎండ చూసి చూసి అని ఈవిడ పట్టు. అయినా బస్సెక్కి వచ్చేవారు. ఒక రోజు అట్ట నా చేతికిచ్చారు.

"నువ్వు చూసి చెప్పు."

"తెల్లగా ఉందండి."

"తెల్లగా ఉందని నీకెవరు చెప్పేరు? మళ్లీ చూడు."

మళ్లీ చూశాను. తెల్లగా లేదు. గాజులా ఉంది. ఒక్క గింజ కూడా తెల్లగా లేదు, అన్నీ కలిసి దూరానికి తెల్లగా కనపడుతున్నాయంతే. ఆ మాట చెబితే ఆవిడ నా భుజం మీద చెయ్యి వేశారు. అప్పటినుంచి వారం వారం నేను చూసేదాన్ని, ఆవిడ వినేవారు. పేర్లు ముందు చెప్పనిచ్చేవారు కారు. ఎలా ఉందో చెప్పు, పేరు నేను పెడతాను అనేవారు.

ఒకసారి నాలుగు రోజులు కుర్రాళ్లెవరూ పైపు జోలికి వెళ్లక, దాని వెనక సందులో పేరుకున్నది గీరి చూస్తే ఈకలు లేవు. "చిన్న గిన్నెల్లా ఉన్నాయండి. లోపల డొల్ల. గోడకి మెట్లు మెట్లుగా గీతలు" అన్నాను.

ఆవిడ అట్ట నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టేశారు. కంప్రెసర్ గదిలోంచి బయటికి వచ్చి, గట్టు మీద కూర్చున్నాక చెప్పారు.

కొండల్లో ఒక ఉదయం ఆవిడా ఆ పరిశీలకుడూ గొయ్యి తవ్వితే అడుగున అవే గిన్నెలు బయటపడ్డాయట. పైన మీటరున్నర కొత్త మంచు. వాలు కింద రోడ్డు. ఆవిడ రోడ్డు మూయించేశారు. ఆకాశంలో మబ్బుతునక లేదు, ఎండ. అటు వెళ్లాల్సిన బస్సు ఒకటి ఆగిపోయింది. అందులో పెళ్లికొడుకుతో సహా పెళ్లివారు. ముహూర్తం దాటిపోతోందని మొదట బతిమాలారు. తర్వాత తిట్టారు. పెళ్లికొడుకు తల్లి ఈవిడ బూట్ల మీద పడి ఏడ్చింది. ఈవిడ రోడ్డుకు అడ్డంగా నిలబడి కదల్లేదు.

"పడిందా అండీ?" అన్నాను, ఆగలేక.

"లేదమ్మా. ఆ రోజు పడలేదు. మర్నాడూ పడలేదు. పై ఆఫీసు నుంచి మనిషి వచ్చి రోడ్డు తెరిపించేడు. పెళ్లివారు నా మొహాన మంచు విసిరి వెళ్లిపోయేరు. ఆ ఏడు అక్కడ అసలు ఏమీ జారలేదు. వసంతంలో ఎండకి అలాగే కరిగి కాలవలోకి పోయింది."

"మరి మీరు..."

"తప్పా, ఒప్పా అనేగా? పడితే ఒప్పని తెలుస్తుంది. పడకపోతే ఎలా తెలుస్తుంది? ఆ రాత్రి చలికి పొర బిగుసుకుందేమో. బస్సు మోత తగిలితే పడేదేమో. వాళ్లు వెళ్లిపోయేక ఆయన ఒక్కడూ మళ్లీ ఆ వాలు ఎక్కేడు. ఇంకో గొయ్యి తవ్వేడు. కిందికి వచ్చి, 'పొర అలాగే ఉంది మేడం. నేనైనా రోడ్డు మూసేద్దును' అన్నాడు. అది చూసింది ఈ లోకంలో మేమిద్దరమే."

ఆ తర్వాతి చలికాలం ఫోను రాలేదు.

ధనుర్మాసం వచ్చింది, వెళ్లింది. ఆవిడ వచ్చి కూర్చుని, ఫోను బల్ల మీద పెట్టుకుని, "ఈ ఏడు ఆలస్యం. గాలులు అటు తిరగలేదు" అనేవారు. నా సెల్లులో మంచు పడిన వీడియోలు వస్తూనే ఉన్నాయి. చెప్పకుండా ఉండలేకపోయాను.

"అక్కడ పడిందంటండి."

"ఎంత?"

"అది చెప్పలేదండి. మనుషులు డాన్సు చేస్తున్నారు."

ఆవిడ ఫోను నాకేసి జరిపారు. "నాకు అంకెలు కనపడవు. నువ్వే చెయ్యి."

ఒక ఆడమనిషి ఎత్తింది. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మేడంగారు వింటూ, బల్ల అంచును బొటనవేలితో రుద్దుతూ ఉన్నారు. టీ చల్లారిపోయింది. సత్తిబాబు తలుపు దగ్గరదాకా వచ్చి, ఆవిడ మొహం చూసి వెనక్కి వెళ్లిపోయాడు.

"ఆశ్వయుజంలోనే పోయేడంట" అన్నారు చివరికి. "ఎత్తింది ఆయన కూతురు. టీచరు. నాకు ఫోను చేద్దామనుకుందంట. ఏం చెప్పాలో తెలీలేదంట. నాతో మాట్లాడాలంటే ఆయన మేడమీదికి పోయి తలుపేసుకునేవాడంట. ఇంట్లో మంచు మాటెత్తితే వీళ్లందరూ నవ్వేవారంట. వాళ్లకి మంచంటే పార పెట్టి గుమ్మంలోంచి తోసెయ్యడమే కదా. అక్కడ పుట్టినవాళ్లకి అదేం వింత?"

కొంగుతో మొహం తుడుచుకున్నారు. కన్నీళ్లు లేవు.

"ఇన్నాళ్లూ నేనేమనుకున్నానో తెలుసా అమ్మాయ్? ఆయనకేంటి, చుట్టూ మంచే, చెప్పుకోడానికి బోల్డంతమంది ఉంటారు, నామీద జాలికొద్దీ ఏడాదికోసారి చేస్తున్నాడు అనుకున్నాను. ఆయనకీ నేనొక్కదాన్నేనంట."

ఏదో ఒకటి అనాలని, "మంచు ఎంత పడిందో అడిగేరా అండి?" అన్నాను.

"అడిగేను. మోకాళ్లదాకా అంది. ఎవరి మోకాళ్లో చెప్పలేదు" అన్నారు. ఆ మాటకు ఇద్దరం నవ్వాం. నవ్వుతుండగా ఆవిడ లేచి, పైపు దగ్గరికి వెళ్లకుండానే, బస్సుకు టైమైందని వెళ్లిపోయారు.

తర్వాత రావడం తగ్గింది. నేనే అప్పుడప్పుడు బండారులంక వెళ్లేదాన్ని. శ్రావణంలో జ్వరం వచ్చి అమలాపురంలో ఆసుపత్రిలో చేర్చారు. నేను వెళ్లిన రోజు బయట హోరుమని వాన. కిటికీ రేకు మీద చినుకులు దరువు వేస్తున్నాయి. ఆవిడ కళ్లు మూసుకునే ఉన్నారు.

"పెద్ద చినుకులా?" అని అడిగారు.

"ఆయ్, పెద్దవేనండి. లావుగా పడుతున్నాయి."

"ఇవి చాలామట్టుకు పైన మంచే. తెలుసా? మబ్బు పై భాగం అంత చల్లగా ఉంటుంది, వేసవైనా, మన కోనసీమైనా. అక్కడ మంచుగా పుట్టి బయల్దేరతాయి. దారిలో కరిగిపోతాయి." ఊపిరి తీసుకున్నారు. "మనూరి మీద కూడా మంచు పడుతూనే ఉందమ్మా ఎప్పుడూ. కిందిదాకా రాదు, అంతే."

నేను కిటికీ దగ్గరికి వెళ్లి పైకి చూశాను. బూడిదరంగు మబ్బు తప్ప ఏమీ లేదు. వెనక్కి వచ్చి కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. రెండు రోజులకు పోయారు.

పదో రోజుకు ఆ ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టారు. మేనల్లుడు మంచివాడు, ఘనంగా చేయాలనుకున్నాడు. ముందురోజు నాకు ఫోను చేసి అడిగాడు. "అత్తయ్య ఉద్యోగం ఏంటని వేయించాలండి? మాకెవరికీ సరిగ్గా తెలీదు. ఏదో గవర్నమెంటు అని తెలుసు గానీ. మీ దగ్గరికి వచ్చేవారు కదా."

"మంచు శాస్త్రవేత్త అని వేయించండి" అన్నాను.

వెళ్లి చూస్తే, ఆవిడ ఫొటో వెనక ఏదో విదేశంలోని మంచుకొండలు, వాటి మీద సూర్యోదయం. పేరు కింద పెద్ద అక్షరాలతో 'మంచి శాస్త్రవేత్త' అని ఉంది.

మేనల్లుడు మొహం చిన్నబోయింది. వెంటనే షాపువాడికి ఫోను చేశాడు. అవతలివాడి మాటలు నాకూ వినపడ్డాయి. "మీ కాగితంలో మంచు అనే ఉందండి. మంచు శాస్త్రవేత్తేంటండి, తప్పు పడి ఉంటుందని నేనే సరిచేసేనండి. మంచి అంటే బాగానే ఉంది కదండి?"

"ఉండనిద్దామా అండి? చదివినోళ్లకి బాగానే ఉంటుంది" అన్నాడు మేనల్లుడు. పాపం, లోపల వంటవాళ్లు పిలుస్తున్నారు.

నేను అతని షాపులోంచి తెల్ల స్టిక్కరు ముక్కా, చీరల మీద ధరలు రాసే నల్ల మార్కరూ అడిగి తీసుకున్నాను. కుర్చీ ఎక్కి, 'చి' మీద స్టిక్కరు అంటించి, దాని మీద 'చు' రాశాను. అక్షరం కొంచెం వంకరగా వచ్చింది. దిగి చూస్తుంటే, తలమీద చేపల బుట్టతో ఒకావిడ దారిన పోతూ నా పక్కన ఆగింది.

"ఎవరండీ ఈవిడ?" అంది.

"మంచు శాస్త్రవేత్త అండి."

"అంటే ఏం చేస్తారండి?"

"కొండల మీద మంచు ఉంటుంది కదండి. అది ఎప్పుడు విరుచుకు పడుతుందో చూసి, అటు ఎవరూ వెళ్లకుండా ఆపుతారు."

ఆవిడ బుట్ట సర్దుకుంది. ఫొటో వంక ఇంకోసారి చూసింది. "అయితే శానామందిని బతికించుంటారు. ఎంతమంది ఉంటారండి?"

బూట్ల మీద పడి ఏడ్చిన ఆ తల్లి ఇప్పుడు ఎక్కడో మనవల్ని ఎత్తుకుని ఉండవచ్చు. మేడంగారికే తెలియని సంగతి నేనెలా చెప్పను?

"తెలీదండి. బతికినవాళ్లకి కూడా తెలీదు" అన్నాను.

ఆవిడ బుట్ట దించి అరుగు మీద పెట్టి, చెప్పులు విడిచి, ఫ్లెక్సీకి దణ్ణం పెట్టుకుంది. మళ్లీ బుట్ట ఎత్తుకోవడానికి చెయ్యి సాయం అడిగితే, ఒక పక్క పట్టి ఎత్తాను. తలమీద పెట్టుకుని, రెండడుగులు వేశాక గొంతు సవరించుకుని, చేపలో అని కేకేసుకుంటూ వీధి మలుపు తిరిగింది.